మల్టీ ఆర్గాన్ ఫెయిల్యూర్ అన్నారా? ఐసీయూ బయట ఉన్నవాళ్లు పరిస్థితిని రోజురోజూ అర్థం చేసుకోవడం ఎలా

విశాఖలో మహారాణిపేట కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్, ఆరిలోవ హెల్త్ సిటీలో ప్రైవేటు ఆసుపత్రులు. ఎక్కడ చూసినా ఐసీయూ బయట కుర్చీల్లో విశాఖ వాళ్ల కంటే పై ఊళ్ల వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు, ఒడిశాలో కొరాపుట్ వైపు నుంచి వచ్చినవాళ్లు. రోజుకోసారి లోపలికి పిలిచి కౌన్సెలింగ్ చేస్తారు. "మల్టీ ఆర్గాన్ ఫెయిల్యూర్‌లోకి వెళ్లారు, క్రిటికల్, ఇప్పుడే ఏమీ చెప్పలేం" అంటారు. సంతకం పెట్టి బయటికొస్తే ఊరి నుంచి ఫోన్. "ఏటన్నారు డాక్టరుగారు?" అని అడిగితే చెప్పడానికి నోట మాట ఉండదు.

ఆ కొద్ది నిమిషాల్లో ఏం అడగాలి, విన్నది ఎలా రాసుకోవాలి, రాసుకున్నదాన్ని ఎలా చదవాలి అన్నదే ఇక్కడ చెప్తున్నాను. ఒక్క విషయం మొదట్నుంచీ గుర్తుపెట్టుకోండి. మానిటర్ మీద కనిపించే అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఆ అంకె నిలబడటానికి మిషన్లూ మందులూ ఎంత సాయం చేస్తున్నాయో పక్కనే చూడాలి. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ సాయం పెరిగిందా, తగ్గిందా? మీ పేషెంటు ఎటు వెళ్తున్నారో చెప్పేది అదే.

మొదట, లోపల ఏం జరుగుతోందో తెలుసుకోండి

అవయవాలు ఫెయిలయ్యాయంటే చచ్చిపోయాయని కాదు. సాయం లేకుండా తమ పని తాము చేయలేకపోతున్నాయని. డాక్టర్లు ముఖ్యంగా ఆరింటిని లెక్కలోకి తీసుకుంటారు: ఊపిరితిత్తులు, గుండె-రక్తపోటు, కిడ్నీలు, కాలేయం, రక్తం గడ్డకట్టే వ్యవస్థ, మెదడు. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు, మొత్తం 24. దీన్ని సోఫా స్కోరు అంటారు. మన పరీక్షల్లా కాదు, ఇక్కడ మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం. ఇన్ఫెక్షన్ వల్ల ఈ స్కోరు 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే సెప్సిస్ అని 2016 నుంచి నిర్వచనం. "ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది" అని మీకు చెప్పేది చాలావరకు దీని గురించే.

జ్వరమో న్యుమోనియానో వచ్చిన మనిషికి కిడ్నీలెందుకు పాడవుతాయన్నది అందరూ అడిగే ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన తర్వాతి రోజులు విశాఖలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటాయి. కరెంటు పోయింది. మోటార్లు ఆడక ట్యాంకుల్లోకి నీళ్లెక్కలేదు, ఫోన్లు పలకలేదు. మోటారు కాలిపోలేదు, కరెంటు లేక ఆగిపోయిందంతే. ఒంట్లోనూ దాదాపు అదే జరుగుతుంది. ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో శరీరం పుట్టించే వాపు రసాయనాలు సన్నని రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తాయి. నాళాలు సడలిపోయి బీపీ పడిపోతుంది, గోడల్లోంచి నీరు కారి ఒళ్లంతా ఉబ్బుతుంది, లోపల చిన్న చిన్న గడ్డలు కడతాయి. అందిన ఆక్సిజన్‌ని కణాలు సరిగా వాడుకోలేవు. దాంతో ఏ రోగమూ లేని కిడ్నీ కూడా పని మానేస్తుంది. తుఫాను తర్వాత కొన్ని వీధులకు రెండు రోజుల్లో కరెంటు వస్తే, పైకప్పు దెబ్బతిన్న ఎయిర్‌పోర్టుకు ఎక్కువ కాలం పట్టింది. అవయవాలు కోలుకోవడంలోనూ ఇంతే తేడా ఉంటుంది. అన్నీ ఒకే రోజు లేచి కూర్చోవు.

మూలం ఏంటో అడగండి, మీకు తెలిసింది దాచకుండా చెప్పండి

వెంటిలేటర్, డయాలసిస్, బీపీ మందు రోగాన్ని నయం చేయవు. రోగం నయమయ్యేదాకా మనిషిని నిలబెట్టి ఉంచుతాయి. అందుకని మొదటి రోజే అడగాల్సింది "ఇదంతా దేనివల్ల మొదలైంది? దానికి మందు పడిందా? ఆపరేషన్ చేసో, గొట్టం వేసో చీము తీయాల్సింది ఏమైనా ఉందా?" అని. పేగుకు చిల్లు పడినా, కిడ్నీలో రాయి అడ్డుపడి చీము పట్టినా, ఎంత మంచి యాంటీబయాటిక్ ఇచ్చినా ఆ చీము బయటికి రాకపోతే లాభం లేదు.

మన ప్రాంతంలో ఈ స్థితికి తెచ్చేవాటిలో కొన్ని పేర్లు పదే పదే వినపడతాయి. ఏజెన్సీ నుంచి వస్తే ఫాల్సిపారం మలేరియా. తుప్పల్లో, పొలాల్లో తిరిగినవాళ్లకు సన్నని పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో దిగితే వచ్చే లెప్టోస్పైరోసిస్. డెంగీ, పాముకాటు, గడ్డిమందు, తాగుడు వల్లో పిత్తాశయం రాళ్ల వల్లో వచ్చే పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), షుగర్ ఉన్నవాళ్లకు యూరిన్ ఇన్ఫెక్షన్. వీటిలో కొన్నింటికి సూటిగా పనిచేసే మందులున్నాయి. మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజక్షన్, స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్. ఎంత తొందరగా పడితే అంత మేలు.

ఇక్కడ మీ పాత్ర పెద్దది. స్పృహలో లేని మనిషి తన కథ చెప్పలేడు, మీరే చెప్పాలి. గత నెలలో ఎక్కడెక్కడికి వెళ్లారు? పొలం పని చేశారా? చంకలోనో గజ్జల్లోనో సిగరెట్ కాలినట్టు నల్లటి మచ్చ చూశారా? అది స్క్రబ్ టైఫస్ గుర్తు. ఆర్‌ఎంపీ ఏ ఇంజక్షన్లు ఇచ్చాడు? ఒళ్లు నొప్పులకు ఏ బిళ్లలు మింగారు? పసరు మందు, నాటు మందు తాగారా? తాగుడు అలవాటు ఎంత? ఊళ్లో పరువు పోతుందనో, పోలీసు కేసవుతుందనో పురుగుమందు సంగతి దాచేవాళ్లున్నారు. దయచేసి దాచొద్దు. డబ్బా దొరికితే అది కూడా తీసుకురండి. గడ్డిమందుల్లో పారాక్వాట్ ఉంటే ఆక్సిజన్ ఇవ్వడం కూడా ఆచితూచి చేస్తారు, ఎందుకంటే ఆ విషం ఆక్సిజన్‌తో కలిసి ఊపిరితిత్తుల్ని ఇంకా పాడుచేస్తుంది. తెలియకపోతే డాక్టరు చేతనైన మేలు చేయబోయి కీడు చేసే ప్రమాదం ఉంది.

ఒక మనిషి, ఒక నోట్‌బుక్

కౌన్సెలింగ్‌కి రోజుకో బావగారు, రోజుకో మేనమామ వెళ్తే అందరికీ సగం సగం తెలుస్తుంది. డాక్టరుకీ విసుగొస్తుంది. ఇంట్లో కాస్త నిదానంగా ఉండే ఒకరిని, తోడుగా ఇంకొకరిని పెట్టుకోండి. ఊళ్లోవాళ్లకు వాట్సాప్‌లో సాయంత్రం ఒకే మెసేజ్ పెడితే సరిపోతుంది. నోట్‌బుక్‌లో రోజుకో పేజీ. ప్రతి వరుసలో రెండు అంకెలు రాయండి: ఫలితం, దానికి ఇస్తున్న సాయం.

ఊపిరితిత్తులతో మొదలుపెడదాం. మానిటర్ మీద ఆక్సిజన్ 96 కనిపించగానే "బానే ఉంది కదా" అనిపిస్తుంది. వెంటిలేటర్ ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తే అది 96 ఉందో అడగండి. మనం పీల్చే గాలిలో ఉండేది 21 శాతం. వెంటిలేటర్ 100 శాతం దాకా ఇవ్వగలదు. 40 శాతంతో 96 ఉండటం, 90 శాతంతో 96 ఉండటం రెండూ ఒకటి కావు. ఇంకాస్త లోతుగా తెలుసుకోవాలంటే ఏబీజీ అనే రక్తపరీక్షలో వచ్చిన ఆక్సిజన్ అంకెని ఆ శాతంతో భాగించండి. 40 శాతం మీద 80 వస్తే, 80ని 0.4తో భాగిస్తే 200. మర్నాడు అదే 80 రావడానికి 80 శాతం ఇవ్వాల్సివస్తే లెక్క 100కి పడిపోయినట్టు. మామూలు మనిషికి ఇది 400 పైనే ఉంటుంది. దీన్ని డాక్టర్లు పీఎఫ్ రేషియో అంటారు. ఆ పేరుతో అడిగితే వాళ్లే చెప్తారు.

బీపీ దగ్గర చాలామంది మోసపోతారు. 110/70 అని విని గుండె కుదుటపడుతుంది. అది బీపీ పెంచే నార్ఎడ్రినలిన్ మందు ఎక్కిస్తే వచ్చిన 110. సగటు బీపీ 65 దగ్గర నిలబెట్టేలా ఆ మందుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు కాబట్టి బీపీ అంకె రోజూ ఒకేలా కనిపించొచ్చు. మారేది మందు డోసు. చాలకపోతే వాసోప్రెసిన్ కలుపుతారు. రెండో మందు మొదలైందంటే పరిస్థితి బరువెక్కిందని అర్థం. ఇక్కడ ఇంకో చిక్కుంది. సిరంజి పంప్ మీద గంటకు 10 మిల్లీలీటర్లు ఉన్నది మర్నాడు 5 అయిందని సంబరపడేలోపు నర్సుని అడగండి: "సింగిల్ స్ట్రెంగ్తా, డబుల్ స్ట్రెంగ్తా?" రెట్టింపు చిక్కగా కలిపితే 5 ఎక్కించినా నిన్నటి 10తో సమానమే.

కిడ్నీలకు క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) కంటే యూరిన్ బ్యాగే నమ్మకమైన సాక్షి అని నా అభిప్రాయం. కిలో బరువుకి గంటకు అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు కనీసం రావాలి. డయాలసిస్ అయ్యాక క్రియాటినిన్ 5 నుంచి 3కి తగ్గితే అది మిషన్ కడిగిన ఫలితం, కిడ్నీ కోలుకున్నట్టు లెక్క కాదు. డయాలసిస్ లేని రోజున క్రియాటినిన్ పెరగకుండా ఆగి, మూత్రం పెరుగుతుంటే అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. బీపీ నిలవని పేషెంటుకు మామూలు నాలుగు గంటల డయాలసిస్ బదులు నెమ్మదిగా ఎక్కువసేపు నడిచే పద్ధతి వాడతారు. సీఆర్‌ఆర్‌టీ అంటే అదే, రోజంతా నడుస్తుంది, ఖర్చు బాగా ఎక్కువ.

ప్లేట్‌లెట్స్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, డెంగీ సీజన్ పుణ్యమా అని మనవాళ్లందరూ సగం డాక్టర్లయిపోయారు. లక్షన్నర కంటే తగ్గితే సోఫా మార్కులు మొదలవుతాయి, 20 వేల కంటే తగ్గితే 4. ఎక్కించిన తర్వాత పెరిగిన అంకెని లెక్కలో వేసుకోకండి. కాలేయానికి బిలిరుబిన్ (కామెర్ల అంకె), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) రాసుకోండి. బిలిరుబిన్ ఆలస్యంగా పెరుగుతుంది, ఆలస్యంగా తగ్గుతుంది. మిగతావన్నీ మెరుగవుతుంటే ఇదొక్కటి పెరిగిందని బెంగపడొద్దు.

మెదడుకు 15 నుంచి 3 వరకు ఒక స్కోరు ఉంది, జీసీఎస్ అంటారు. 15 అంటే పూర్తి స్పృహ. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు మత్తుమందు ఇస్తారు కాబట్టి "కళ్లు తెరవట్లేదు" అన్న ఒక్క మాట వల్ల ఏమీ తేలదు. "మత్తు ఆపి చూశారా? ఆపి ఎన్ని గంటలైంది? చెయ్యి నొక్కమంటే నొక్కారా?" అని అడగండి. కిడ్నీ, కాలేయం సరిగా లేనివాళ్లలో మత్తు దిగడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది.

చివరి వరుస లాక్టేట్. కణాలు ఆక్సిజన్ లేక ఎంత ఇబ్బంది పడుతున్నాయో చెప్పే అంకె. 2 లోపు ఉండాలి. 8 నుంచి 5, 5 నుంచి 3 అని దిగుతుంటే మంచి సూచన. అన్ని మందులూ పడుతున్నా ఎక్కుతూనే ఉంటే మూలం ఇంకా అదుపులోకి రాలేదేమోనని అడగాల్సిందే.

మూడు పేజీలు పక్కపక్కన పెట్టి చదవండి

ఒక్క రోజు పేజీ చూసి ఏడవొద్దు, సంబరపడొద్దు. రెండు మూడు రోజుల పేజీలు కలిపి చూడాలి. మొదటిరోజు పంపిన కల్చర్ రిపోర్టు (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) కూడా దాదాపు ఆ వేళకే వస్తుంది, దాన్నిబట్టి యాంటీబయాటిక్ మారుస్తారు. కోలుకునే దారి చాలామందిలో ఇలా ఉంటుంది: ముందు లాక్టేట్ దిగుతుంది, బీపీ మందు తగ్గుతుంది, తర్వాత మూత్రం పెరుగుతుంది, ఆ తర్వాత వెంటిలేటర్ సాయం తగ్గించడం మొదలుపెడతారు. కామెర్లు, కండరాల నీరసం తగ్గేది అన్నిటికంటే చివర. అందరికీ ఇదే వరుస ఉండాలని లేదు. బాగవుతున్న పేషెంటుకి వారం దాటాక మళ్లీ జ్వరం రావడం కూడా ఐసీయూలో మామూలే. వెంటిలేటర్ గొట్టం వల్లో, మెడ దగ్గర పైపు వల్లో కొత్త ఇన్ఫెక్షన్ రావచ్చు. "నిన్నటిదాకా బాగుంది అన్నారుగా" అని డాక్టరుతో గొడవకు దిగే ముందు కొత్త జ్వరానికి కారణం వెతుకుతున్నారా, పాత పైపులు మార్చారా అని అడగండి.

నేరుగా అడగండి: "నిన్నటితో పోలిస్తే ఏ అవయవానికి సాయం తగ్గించగలిగారు? దేనికి పెంచారు? ఎన్ని రోజులు చూసి మళ్లీ మాట్లాడదాం?" ఆఖరి ప్రశ్న చాలా విలువైనది. మూడు రోజులో, ఐదు రోజులో ఒక గడువు ఇద్దరూ అనుకుంటే, ఆ లోపు ఏం మారాలో ముందే మాట్లాడుకుంటే, రోజూ "బతుకుతారా లేదా" అని అడిగే బాధ తప్పుతుంది. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగల డాక్టరు ఎలాగూ ఉండడు. స్కోరు చూసి అలాంటి పేషెంట్ల గుంపులో ప్రమాదం ఎంతో చెప్పవచ్చు, మీ నాన్నగారి సంగతి చెప్పలేరు. వయసు, పాత జబ్బులు, మూలానికి మందు ఉందా లేదా అన్నవి స్కోరుకు సమానంగా తూగుతాయి.

డబ్బు, మార్పు, సంతకాలు

సిగ్గుపడకుండా మొదటిరోజే రోజువారీ ఖర్చు అంచనా రాయించుకోండి. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ హెల్ప్‌డెస్క్‌కి వెళ్లి ఈ జబ్బు ఏ ప్యాకేజీలోకి వస్తుందో, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందో లేదో అడగండి. 104కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. అప్పు తెచ్చి మూడు రోజులు కట్టాక ఈ పని మొదలుపెడితే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

డబ్బు చాలక ప్రైవేటు నుంచి ప్రభుత్వాసుపత్రికి మార్చాలనుకుంటే అది తప్పేం కాదు, కేజీహెచ్‌లో చెయ్యి తిరిగిన డాక్టర్లున్నారు. మార్చే తీరే ముఖ్యం. అక్కడ ఐసీయూ బెడ్, వెంటిలేటర్ ఖాళీ ఉన్నాయని ఈ డాక్టరు ఆ డాక్టరుతో మాట్లాడి ఖాయం చేసుకున్నాకే కదలండి. అంబులెన్సులో వెంటిలేటర్, సిరంజి పంపులు, వాటిని నడపగల మనిషి ఉండాలి. వంద శాతం ఆక్సిజన్ మీద, రెండు బీపీ మందుల మీద ఉన్న మనిషిని మద్దిలపాలెం ట్రాఫిక్‌లో తిప్పడం కంటే, ఒక రోజు ఆగి మందు కాస్త తగ్గాక కదిలించడం మేలు. రెండో అభిప్రాయం కోసమైతే అసలు మనిషిని కదపక్కర్లేదు. కేస్ సమ్మరీ, మీ నోట్‌బుక్ పేజీలు, స్కాన్ ఫిల్ములు పట్టుకుని మీరు వెళ్లండి. కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది.

సంతకం పెట్టే ముందు ఆ పైపు, ఆ కోత దేనికో ఒక్క వాక్యంలో చెప్పమనండి. మెడకు రంధ్రం చేస్తామంటే చాలామంది హడలిపోతారు. ట్రకియాస్టమీ అంటే ఆశ వదిలేసినట్టు కాదు. నోట్లో గొట్టం ఎక్కువ రోజులు ఉండాల్సివచ్చినప్పుడు దాని బదులు చేసే ఏర్పాటు. కోలుకున్నాక ఆ రంధ్రం పూడిపోతుంది.

లోపలికి వెళ్లినప్పుడు

చేతులు కడుక్కుని వెళ్లండి, మళ్లీ బయటికొచ్చాక కూడా. ఒళ్లు ఉబ్బి, వేళ్లు నల్లబడి, చేతులు మంచానికి కట్టి ఉండొచ్చు. గొట్టాలు పీక్కోకుండా కడతారు. వేళ్లు నల్లబడటానికి జబ్బుతోపాటు బీపీ మందు కూడా కారణం కావచ్చు. వినపడుతుందన్నట్టే చెవి దగ్గర మాట్లాడండి: "నాన్నా, ఇయ్యాల మంగళవారం, పొద్దున్న పది అయింది, నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు, నేనిక్కడే ఉన్నాను." ఐసీయూలో పగలేదో రాత్రేదో తెలియక మనిషి గందరగోళపడి పలవరించడం మామూలే, తెలిసిన గొంతు దానికి మందులాంటిది. కళ్లద్దాలు, వినికిడి మిషన్ ఉంటే నర్సుకివ్వండి. సింహాచలం చందనం నుదుట పెట్టాలనుంటే అడిగి పెట్టండి. తీర్థం మాత్రం నోట్లో పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గడువు దాటినా సాయం తగ్గకపోతే

నాలుగైదు అవయవాలకు సాయం రోజురోజుకీ పెరుగుతూనే ఉంటే, మూలానికి మందు లేదని తేలితే, వేరే సంభాషణ మొదలుపెట్టాలి. దాన్ని డాక్టరు మొదలుపెట్టాలని మీరు, మీరు మొదలుపెట్టాలని డాక్టరు ఎదురుచూస్తూ రోజులు గడిచిపోతాయి. మీరే అడగండి: "ఇక్కడి నుంచి బతికి బయటపడితే ఎలా ఉంటారు? మంచం దిగుతారా? చికిత్స ఇంతకంటే పెంచకుండా, బాధ లేకుండా చూసుకోవడం అనే దారి ఉందా?" మీ పేషెంటు తెలివిలో ఉన్నప్పుడు ఇలాంటి విషయాల్లో ఏమనేవారో గుర్తుచేసుకోండి. కొడుకుల కోరిక కంటే ఆ మాటకే ఎక్కువ బరువుండాలి.

కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాధార చికిత్స ఆపడాన్ని 2018లో సుప్రీంకోర్టు అంగీకరించింది. 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. రెండు వైద్య బోర్డులు చూసి ఒప్పుకోవాలి, కుటుంబం సమ్మతి ఉండాలి. ఆచరణలో చాలామంది చేసేది వేరు. సంతకం పెట్టి, చేత్తో గాలి అందించే ఆంబు బ్యాగ్ నొక్కుకుంటూ అంబులెన్సులో ఊరికి బయల్దేరతారు. శ్రీకాకుళం చేరేలోపు హైవే మీదే ప్రాణం పోతుంది. ఆయాసం తగ్గించే మందు కూడా ఆ దారిలో ఉండదు. ఇంట్లోనే పోవాలన్నది పెద్దాయన కోరికైతే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పండి. నొప్పికీ ఆయాసానికీ మందులిచ్చి, ఏ సమయానికి బయల్దేరాలో, ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలో చెప్పి పంపమని అడగండి.

ఐసీయూ నుంచి బయటికొచ్చాక

వార్డుకి మార్చగానే స్వీట్లు పంచేవాళ్లున్నారు, పంచుకోండి. పని మాత్రం అవ్వలేదు. కండరాలు కరిగిపోయి చెంచా ఎత్తలేని నీరసం వారాలు, నెలలు ఉండొచ్చు. ఫిజియోథెరపీ వార్డులోనే మొదలుపెట్టించండి. గొట్టం తీసిన కొత్తలో మింగడం సరిగా రాదు, గంజి పట్టే ముందు మింగగలరో లేదో పరీక్షించమనండి. పీడకలలు, మతిమరుపు, చిరాకు కొంతకాలం ఉంటాయి, మనిషి మారిపోయాడని కోప్పడొద్దు. డిశ్చార్జి సమ్మరీలో మూడు విషయాలు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి: కల్చర్‌లో ఏ క్రిమి వచ్చింది, ఆఖరి క్రియాటినిన్ ఎంత, నెఫ్రాలజిస్టుకి (కిడ్నీ డాక్టరుకి) మళ్లీ ఎప్పుడు చూపించాలి. మెడ దగ్గర డయాలసిస్ పైపు అలాగే ఉంచి పంపుతుంటే దాన్ని ఎవరు, ఏ రోజు తీస్తారో రాయించుకుని, తడవకుండా చూసుకోండి. చలిజ్వరం వస్తే ఊళ్లో ఇంజక్షన్ వేయించకుండా అదే రోజు వెనక్కి తీసుకురండి.